టిల్లర్ అమ్మేది లేదు

నాయనా, ఫోనులో నీకు మాట సరిగా వినబడదు గనుక కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

నువ్వు నాకిచ్చిన పాత టిల్లర్‌ను తుక్కు ఇనుముకు వేసేద్దామని మన దేవేంద్రన్న పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. శ్రీకాళహస్తి మెకానిక్ కూడా చూసి, "పిస్టన్ పట్టేసిండాది, నీ సేత అయ్యే పని కాదు మ్మా" అన్నాడు. అయినా నేను ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి మూడు రోజులు నానబెడితే పిస్టన్ కదిలింది. కార్బురేటర్‌లో పేరుకున్న మడ్డి నేనే కడిగాను. తాడు లాగీ లాగీ చేతులు బొబ్బలెక్కాక, గుప్పున పొగ కక్కి ఇంజన్ స్టార్టయింది.

మర్నాడు టిల్లర్‌ను ఎత్తుకుపోవడానికి అన్న ఆటో తీసుకొచ్చేసరికి నేను బంతి మడి దున్నుతున్నాను.

"ఎవురు బాగు సేసినారు పాపా?"

"నేనే సేసినానన్నా. ఆటో ఒట్టిదే తోలుకోని పో."

అన్న మడిలోకి దిగి, "ఏదీ, నేనొక సాలు తోల్తా, ఇట్లియ్యి" అన్నాడు. ఇవ్వలేదు.

నీ పెద్ద పానా పూతలపట్టు నుంచి ఎవరైనా వస్తుంటే పంపించు. అమ్మ మోకాలు డాక్టరుకు చూపించారా? మామిడికి ఈసారి పూత నిలిచిందా? అమ్మకు నా దండాలు. ఎవరైనా అడిగితే టిల్లర్ లోహితదని గట్టిగా చెప్పు.

నీ కూతురు
లోహిత