రోజుకు రెండు వేళ్ల మేర

హుస్నాబాద్,
12 మే 1959

సౌభాగ్యవతి బుచ్చవ్వకు, హనుమండ్లు ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ బర్రే క్షేమం. కాగజ్‌నగర్‌లో నువ్వూ, బాలింత బిడ్డా, పసిగుడ్డూ క్షేమమని తలుస్తాను. ఇది చదివి వినిపిస్తున్న అల్లుడు కైలాసానికి దీవెనలు.

బర్రె ఈనిందా అని అడిగావు. ఈనింది. దూడ నీ పోలికే, ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. అరుగు మీద చీము వాసన పోయిందా అని అడిగావు. పోలేదు. ఎండాకాలం కదా, ఊళ్లో సగం మందికి కాళ్లలో నారికురుపులు లేచి పురుగులు బయటికొస్తున్నాయి. పుండు కాళ్లతోనే దిగుడుబావిలోకి దిగుతారు, ఆ నీళ్లే ముంచుకుని తాగుతారు. బట్టతో వడకట్టుకోండని డాక్టరు చెప్పిపోయాడు. "మా తాతలు వడగట్టిన్రా?" అన్నాడు అంతయ్య, కుంటుకుంటూనే. పుండుకంటే ఆ గర్వానికే నాకు ఎక్కువ రోత పుట్టింది.

నిన్న పక్కింటి చిన్నపిల్ల ఐలవ్వ వచ్చి కాలు చాపింది. తెల్లదారంలాంటి పురుగు కొసను చీపురుపుల్లకు చుట్టి, రెండు వేళ్ల మేర లాగి ఆపాను.

"తాతా, నీకు రోత పుట్టదా?"

"పుడ్తది బిడ్డా. అందుకే మొకం అటు తిప్పుకున్న."

"నేను గూడ తిప్పుకుంటి. మరి పురుగునెవలు చూస్తున్నరు?"

నవ్వాను గానీ, తర్వాత అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లుగా ఇదే వరుస, పురుగు తెగకుండా రోజుకు రెండు వేళ్లు. చదువూ నాకిలాగే వచ్చింది, పొట్లాల కాగితాల మీద రోజుకొక అక్షరం. మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట 'విజయం'. విప్పితే లోపల ఎండుమిరపకాయలు.

సరే, అసలు సంగతి. చీము ముట్టడం మానితేనే తిరిగొస్తానన్నావు. దానికి బదులు చెప్పేముందు ఒకటుంది. కైలాసం, ఇక్కడ గొంతు తగ్గించకు.

ముప్పై ఏళ్ల కింద నీ తమ్ముడు పర్శరాములు నిద్రలో గోక్కుంటే పురుగు తెగిందనీ, అందుకే కాలు కుళ్లి చనిపోయాడనీ నీకు చెప్పాను. అబద్ధం. పుల్ల నా చేతిలో ఉంది. వాసన పడలేక, ఒక్కసారే పీకి పారేద్దామనుకున్నాను. "బావా, జర మెల్లగ" అన్నాడు. గుంజాను. తెగింది. తొమ్మిదో రోజు పోయాడు. ఏడుస్తూనే నువ్వు నాకు అన్నం పెట్టావు. తిన్నాను. అంత రోత నేనింకే పుండులోనూ చూడలేదు.

ఊరివాళ్లు నా పనిని పుణ్యమంటారు. వాడి చావు నన్ను మంచివాణ్ణి చేసిందనుకుంటే నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలి. నేను నేర్చిందల్లా రెండు వేళ్ల దగ్గర ఆగడం. వాడు చెప్పిన మాటే, ఆలస్యంగా విన్నాను.

మానలేను, బుచ్చవ్వా. ఇదంతా విన్నాక రావడం, రాకపోవడం నీ ఇష్టం. ఐలవ్వ కాలులో ఇంకా జానెడు ఉంది.

ఇట్లు,
పర్శరాములు బావ,
హనుమండ్లు