డ్రయ్యర్ గోడ పొడి

అక్కా,

ఈ చీటీ తెచ్చే చంద్రు మా పాలపొడి కంపెనీ వ్యాన్ డ్రైవర్, అతన్ని ఏమీ అడగవద్దు. ఫోన్లో చెప్దామంటే నువ్వు స్పీకర్ పెడతావు, మీ అత్త వింటుంది.

నేను తెచ్చిచ్చిన పాలపొడి పాపకు ఇంక కలపవద్దు. కంపెనీ ఇచ్చిందని చెప్పినాను. ఇయ్యలేదు. డ్రయ్యర్లో పాలు వేడిగాలికి ఎండి పొడిగా రాలేటప్పుడు కొంత గోడకు అంటుకుంటుంది. పారేయాల్సిన ఆ పొడినే గీకి తెచ్చినాను. పాలు పాలే కదా అనుకున్నాను. ఈ పొద్దు ల్యాబ్ వాళ్లు ఆ గోడ పొడిలో క్రిములున్నాయన్నారు.

పాపను వెంటనే తిరుత్తణి ఆస్పత్రికి తీసుకుపో. ఏం తాగిందో డాక్టరుకు దాచవద్దు. నా పేరే చెప్పు.

పోయిన వారం పాపకు భేదులని నువ్వు ఏడ్చినప్పుడు, నీళ్లు పడలేదేమో, పొడి ఇంకొంచెం చిక్కగా కలుపు అన్నది నేనే.

నీ తమ్ముడు