అమ్మ మంచం తీసేసిన గది

జూలై, మంగళవారం

ఇంట్లో పనిచేయడానికి అయ్యే ఖర్చులు పన్ను లెక్కల్లో చూపించాలని ఇవాళ మేడ్చల్‌లో ఆడిటర్ నరేష్ దగ్గరికి వెళ్లాను. ఇళ్ల ప్లాన్లు గీసే నా కంప్యూటరూ అమ్మ మంచమూ ఒకే గదిలో ఉండేవని నిరుడు ఆ గదిలో సగమే పనికని రాశాడు.

"గా రూంల గిప్పుడు గూడ అమ్మ ఉంటదా అక్కా?"

"లేదు నరేష్. అమ్మ పోయింది. మంచం తీసేసినం."

"అయ్యో, నాకు తెల్వదక్కా." నిరుటి లెక్క తీసి చూశాడు. "అట్లయితే గీసారి కిరాయి, కరెంటు మొత్తం రూంకు రాయొచ్చు."

"రాయి" అన్నాను. ఏడుపు రాలేదు. ఫ్యాను గాలికి లేస్తున్న బిల్లుల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.

నేను లేస్తుంటే అడిగాడు. "రోడ్డు మీద షెట్టర్ కిరాయికి తీస్కుని ఆఫీసు పెడితే గిరాకీ పెరుగుతది గదా. ఇంట్లనే ఎందుకు జేస్తున్నవక్కా?"

అమ్మను ఒక్కదాన్నే వదల్లేక అని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. ఇవాళ ఆ మాట చెల్లదు. బిల్లులు అతనికిచ్చి వచ్చేశాను.

బస్సు మా అలియాబాద్ దాటిపోయాక గానీ దిగాలని గుర్తురాలేదు. తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచాను. జల్దీ ఇంటికి చేరాల్సిన పనేమీ లేదు.