వాకిట్లో మొలిచిన తిట్టు

భాగులీ పిన్నీ,

కొండ కింది హల్ద్వానీ నుంచి నీ కాళ్ళకు దండం. మా మేక నీ ముల్లంగి మడిలో పడ్డ రోజున "మీ వాకిట్లో గంజాయి మొలవ!" అని తిట్టావు, గుర్తుందా? "మొలవనీవే, పచ్చడికి గంజాయి గింజల కోసం చేనుదాకా పోయే పని తప్పుతుంది!" అని అమ్మ నవ్వింది. మనుషులు వదిలేసిన వాకిట్లోనే అది మొలుస్తుందని, నీ తిట్టుకు అంత అర్థముందని, బడిలో సామెతలు రాసుకుంటుంటే మొన్ననే తెలిసింది.

మేం కొండ దిగాక అది నిజంగానే మనిషెత్తు పెరిగిందట కదా!

జ్వరం తగ్గినా అమ్మకు అన్నం సయించడం లేదు. "మన గింజలు వేయించి, నిమ్మరసం పోసి నూరిన పచ్చడైతే రెండు ముద్దలు తిందునే" అంటోంది. ఆ గింజల్లో మత్తుండదంటే ఇక్కడివాళ్ళు నమ్మరు. మా వాకిట్లోవి దులిపి గుప్పెడు పంపు పిన్నీ. దులిపాక మొక్కల్ని మాత్రం వేళ్ళతో సహా పీకెయ్. వేసవికి వచ్చేస్తాం. అప్పుడు మళ్ళీ మొదటినుంచి తిట్టుదువుగాని.

నీ అక్క కూతురు