జైలులో నేర్చిన మగ్గం

అమ్మా,

రేపు నీ సంవత్సరీకం. తమ్ముడు జైలు నుంచి వచ్చేశాడు. పనంటే పారిపోతాడని తిట్టేదానివే, లోపల మగ్గం నేర్చుకున్నాడు. తను నేసిన దుప్పటిని నీ మంచం మీద పరిచి, మగ్గం గుంటలో కూర్చున్న రోజు బెంగ ఉండేది కాదని చెప్పాడు.

ఆ దుప్పటి పట్టుకుని పని కోసం నగరి వెళ్లాడు. మగ్గాల ఆసామి అంచు తడిమి చూసి, "బాగుండాది. యాడ నేర్చుకున్నావప్పా?" అన్నాడట.

వీడు గర్వంగా, "జైల్లోనన్నా" అన్నాడు.

ఆసామి దుప్పటి మడిచి చేతికిచ్చేశాడు.

అప్పటి నుంచి అరుగు మీద కూర్చుని, మగ్గం తొక్కినట్టు ఉత్త నేలను తొక్కుతుంటాడు. చూడలేక కసురుకుంటున్నాను.

నిన్న మళ్లీ జైలు గేటు దాకా వెళ్లి వార్డరును అడిగి వచ్చాడు.

"పగలొచ్చి నేసి, పొద్దుగూకితే ఇంటికి పోతానన్నా. రానిస్తారా?"