ఖుష్బూ చెప్పిన చిరునామా

బాపూ,

ఫోన్లో నా మాట నీకు వినబడడం లేదని ఈ కార్డు రాస్తున్నాను. మేమంతా బాగానే ఉన్నాం, పరేషాన్ కాకు.

నేను చెప్పే రెండో తరగతికి వారానికో పాఠం. ఈ వారం ఇంటి చిరునామా. అందరికంటే ముందు ఒప్పజెప్పింది ఖుష్బూ. వాళ్లమ్మ జాన్ బీ మోండా మార్కెట్లో నిమ్మకాయలు అమ్ముతుంది. బుధవారం ఇంటి ఓనరు, కొడుకు పెళ్లికి గది కావాలని, వాళ్ల సామాను బయట పెట్టి తాళం వేశాడు. ఆ గొడవలో జాన్ బీ పిల్లను తీసుకెళ్లడానికి బడికి రావడం ఆలస్యమైంది. పిల్ల ఒంటరిగా బయలుదేరి మార్కెట్లో తప్పిపోయింది. కానిస్టేబుల్ అడిగితే చిరునామా అంతా సరిగ్గా చెప్పింది. అతను తీసుకెళ్తే తలుపుకు తాళం. "ఆళ్లు ఈడ ఉంటలేరు, ఖాళీ చేసిన్రు" అన్నాడట ఓనరు. కానిస్టేబుల్ యూనిఫాం చూసి పిల్లను మళ్లీ బడికే తెచ్చాడు.

సాయంత్రం తల్లి వచ్చేదాకా నా కొంగు వదల్లేదు. "టీచర్, నేను తప్పు చెప్పిన్నా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

"లేదు బిడ్డా, మంచిగనే చెప్పినవ్" అన్నాను.

తల్లీకూతుళ్లు ఇప్పుడు అల్వాల్లో మా ముందుగదిలో ఉన్నారు. మా ఆయన ఇంకా ఏమీ అనలేదు, ఎన్నాళ్లు ఊరుకుంటాడో తెలియదు. నువ్వు వచ్చేటప్పుడు రెండు పాత చెద్దర్లు తీసుకురా. అమ్మ మోకాళ్ల మందు అయిపోయిందా? జవాబు రాయి.

పిల్లలు కనబడితే మీ ఇల్లెక్కడ అని అడగడం నీకు అలవాటు. ఈ పిల్లను మాత్రం అడగకు.

అమ్మకు, నీకు దండాలు.

నీ బిడ్డ,
స్వర్ణలత