కాగితం పట్టని మడత

సోల్హీ,

బల్ల మీదున్న మడత ఫోను నీకే. లోపలి తెర మీది పొరను స్టిక్కరనుకుని పీకేవు, తెరే పోతుంది. పుట్టినరోజు కదా, సముద్రపు నాచు చారు కాచాను. తాగకుండా కాలేజీకి వెళ్లకు.

కెమెరా ఒక మాదిరిగా ఉంటుంది. ఛార్జింగ్ సాయంత్రం దాకా వస్తుంది. "మధ్యరకం ఫోనుకి అంత మురిసిపోతావేంటమ్మా" అన్నావు మొన్న. దాని మడత దగ్గరి కీలు బిగించేది గుమి ఊళ్లోని మా ఫ్యాక్టరీలో, నేను పనిచేసే వరుసలోనే. తెరిచి చూడు, ఎక్కడ ఆపితే అక్కడే నిలుస్తుంది.

అమ్మ

ఇంకో మాట. ఈ చీటీని మొదట ఫోను మడతలోనే దోపబోయాను. పట్టలేదు, అందుకే కిమ్చీ పచ్చడి డబ్బా కింద పెట్టాను. కాగితమంత సందు కూడా లేకుండా చేయడానికి మాకు రెండేళ్లు పట్టింది.